పిల్లితో కలిపి నలుగురం

మనిషి తన ఇంట్లో తాను కాపురం ఉంటున్నాడన్న సంగతి ఆ మనిషికి తెలిస్తే చాలదు. ప్రభుత్వానికి కూడా తెలియాలి. ఎంచేతంటే మనిషి మతిమరుపు జీవి. తన గుమ్మంలో తనే నిలబడి పళ్లు తోముకుంటూ కూడా, తాను ఆ ఇంట్లో ఉంటున్నానని పొరబడగలడు. అటువంటి అనర్థాలు జరగకూడదనే గృహవాస నిర్ధారణ సంస్థ పుట్టింది. గుంటూరులో ఆ సంస్థకొక మేడ, మేడలో ఒక గది, గదిలో ఒక ఫ్యాను, ఫ్యాను కింద ఒక అధికారి ఉండేవారు. (ఫ్యాను తిరిగేది. ఆ మేడలో పనిచేసేది అదొక్కటేనని గిట్టనివాళ్లు అనేవాళ్లు. నేను అనలేదు.)

ఇది తాలూకాలు పోయి మండలాలు వచ్చిన ఏడాది సంగతి. నా పేరు తోమా. ప్రత్తిపాడు దగ్గర బళ్లో మాస్టర్ని. మా ఆవిడ రెబ్కా అదే బళ్లో చిన్న తరగతులకు, ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠాలు చెబుతుంది. రెబ్కా అబద్ధం ఆడదు. ఈ కథలో జరిగిన అనర్థాలన్నింటికీ మూలం అదే గనక పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

మాకొక కుక్క, ఒక పిల్లి. కుక్క మిరప కల్లంలో దొరికింది. దొంగలు హడలిపోవాలని దానికి బూచోడని పేరు పెట్టాం. దొంగలే వస్తే వాడు వాళ్లకు ఎదురెళ్లి, చేతులు నాకి, లోపలికి దారి చూపించే రకం. పిల్లి పేరు చిట్టెమ్మ. అదెక్కడిదో మాకు తెలీదు. మా పెళ్లయిన కొత్తలో ఒకనాడు వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది, మేం ఎవరమని అడగలేదు.

వీళ్లిద్దరి మూలంగా మమ్మల్ని ఏ అద్దింట్లోనూ ఎవరూ కుదురుగా ఉండనిచ్చిన పాపాన పోలేదు. ఒక ఇంటిగలాయనకు కుక్క పడదు. ఇంకొకాయనకు కుక్క ఫర్వాలేదు గానీ పిల్లి పడదు. చివరికి ప్రత్తిపాడులో వెంకటేశ్వరమ్మ గారింట్లో చేరాం. ఆవిడ పెదకాకాని గుడికి బయల్దేరినప్పుడల్లా చిట్టెమ్మ ఎదురొస్తోందట. "మీరు మంచోళ్లే మాస్టారూ, మీ పిల్లే మంచిది కాదు. ఇల్లు చూసుకోండి" అంది.

ఇంటిగలవాళ్లు ఎన్ని విషయాల్లో తేడాపడినా ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట. గోడకు మేకు కొట్టకూడదు. దానివల్ల మా మామగారు దానయ్య గారి ఫోటో ఏళ్ల తరబడి చీరల మడతల్లోనే ఉండిపోయింది. ఇల్లు మారినప్పుడల్లా రెబ్కా ఆ ఫోటో బయటికి తీసి, కొంగుతో తుడిచి, గోడల వంక ఒకసారి చూసి, మళ్లీ చుట్టి లోపల పెట్టేది. "బతికినన్నాళ్లూ ఊరూరూ తిరిగి వాక్యం చెప్పాడు. పోయాకన్నా ఒకచోట కూర్చోనివ్వరే ఆయన్ని" అనేది. నాకు ఒళ్లు మండేది. నా భార్య తండ్రికి ఒక మేకంత చోటు ఇవ్వలేని మొగుణ్ని నేను.

అందుకని, ఇళ్లు మంజూరు చేసేది కూడా ఆ గృహవాస సంస్థే గనక, ఇంటికోసం అక్కడ దరఖాస్తు పెట్టాం.

"కుటుంబ సభ్యులెంతమంది?" అన్నాడు గుమాస్తా.

"ఇద్దరమండీ" అన్నాను.

"నలుగురికి తక్కువైతే కుటుంబం కిందికి రాదు మాస్టారూ. జంట కిందికి వస్తుంది. జంటలకు మేం ఇళ్లివ్వం. వాళ్లకు ఇంటి ధ్యాస ఉండదని సంస్థ అభిప్రాయం."

నేను లేవబోయాను. రెబ్కా లేవలేదు.

"ఇంకా ఇద్దరున్నారండీ. బూచోడు, చిట్టెమ్మ" అంది.

గుమాస్తా సంతోషంగా రాసేసుకున్నాడు. "మీకేమవుతారమ్మా?"

"బూచోడు కుక్కండీ. చిట్టెమ్మ పిల్లి."

కలం ఆగింది. ఇక ఇల్లు వచ్చినట్టేనని నేను కండువా సర్దుకున్నాను. కానీ గుమాస్తా చాలాసేపు ఆలోచించి, "సిరాతో రాసింది కొట్టేస్తే పైవాళ్లు సంజాయిషీ అడుగుతారమ్మా. ఉండనివ్వండి. వాళ్లకు తిండి పెట్టేది మీరేనా?" అన్నాడు.

"మేమేనండీ."

"అయితే ఆశ్రితులు. చట్టానికి అంతకంటే అక్కర్లేదు" అని కింద గీత గీశాడు.

అలా మాకు ప్రత్తిపాడుకు మైలు ఇవతల, నల్లరేగడి చేల మధ్య సంస్థ కట్టించిన కాలనీలో, రెండు గదులూ నాపరాళ్ల నేలా ఉన్న ఇల్లు మంజూరైంది. కాకపోతే తుది ఉత్తర్వు వచ్చేదాకా అది మా ఇల్లు కాదు; మేం అందులో ఉండగల ఇల్లు. కుటుంబంలోని సభ్యులందరూ అందులోనే కాపురం ఉంటున్నారని పరిశీలనలో తేలాలి. తేలేదాకా గోడకు మేకు కొట్టరాదు. తేలకపోతే ఇల్లు వరసలో తర్వాతి వారికి పోతుంది.

ఆ తర్వాతి వారి పేరు బుల్లయ్య. పత్తి మిల్లులో గుమాస్తా. బహు మర్యాదస్తుడు. మేం చేరిన వారంలోనే ఒక మునగకొమ్మ పట్టుకుని వచ్చాడు.

"ఏమనుకోకండి మాస్టారూ. ఇప్పుడు పాతితే నేను చేరేసరికి కాపుకొచ్చుద్ది" అని పెరట్లో గొయ్యి తవ్వుకున్నాడు. ప్రతి ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి దానికి నీళ్లు పోస్తూ కనబడేవాడు. రెబ్కా కాఫీ ఇచ్చేది. తాగి, గ్లాసు కడిగి, వెళ్లేటప్పుడు గోడలు చేత్తో తట్టి చూసుకునేవాడు. (సున్నం రాలుతోందని మాకే చెప్పి, జాగ్రత్తగా వాడమన్నాడు.)

ఇంట్లో దిగిన రోజు సంఘకాపరి వచ్చి ప్రార్థన చేశారు. బూచోడు ప్రార్థన మొదలవగానే నిద్రపోయి, ఆమేన్ దగ్గర లేచాడు. చిట్టెమ్మను దారి తెలియకుండా గోతంలో పెట్టి ఎడ్లబండి మీద తెచ్చాం. పక్కింటి జాన్‌బీ వచ్చి, "పొయ్యి చుట్టూ మూడుసార్లు తిప్పండి రెబ్కమ్మా, ఇంక గడప దాటదు" అంది. తిప్పాం. మూడో చుట్టులోనే చిట్టెమ్మ రెబ్కా చేతుల్లోంచి జారి, గోడ దూకి, మిరపచేనుకు అడ్డంపడి ప్రత్తిపాడు వెళ్లిపోయింది. మర్నాడు తెచ్చాం. మళ్లీ వెళ్లింది. ఆ రేగడి చేలల్లో మాకూ చిట్టెమ్మకూ మధ్య ఒక కాలిబాట పడింది.

ఇక పరిశీలనలు. అవి మిరపకాయలు కల్లాల్లోకి వచ్చే రోజుల్లోనే జరగాలని సంస్థ నియమం. పరిశీలకుల ఇళ్లకు ఏడాదికి సరిపడా కాయలు ఆ దారిలోనే దొరుకుతాయి గనక. (ఇది లంచం కాదు. డబ్బిచ్చే కొంటారు. తూకం దగ్గర కొంచెం మర్యాద చూపిస్తే చాలు.) పరిశీలకుడు పేరయ్య గారు మొదటిసారి వచ్చినప్పుడు మేం బళ్లో ఉన్నాం. ఆయన రాసుకెళ్లిన నివేదిక నకలు తర్వాత మాకు పోస్టులో అందింది.

"తలుపుకు తాళం ఉన్నది. వసారాలో బూచోడు అను సభ్యుడు నివాసం ఉన్నాడు. పిలవగానే లేచివచ్చి ఆప్యాయంగా మెలిగినాడు. నడవడి తృప్తికరం. మిగిలిన ముగ్గురి జాడ తెలియరాలేదు."

నా ఉద్యోగంలో ఏ ఇన్‌స్పెక్టరూ నా నడవడి గురించి అంత మంచి మాట రాయలేదు.

రెండోసారి వస్తున్నారని తెలిసి సెలవు పెట్టి కూర్చున్నాం. పొద్దున్నే చిట్టెమ్మను మోసుకొచ్చి గదిలో పెట్టి గడియ వేశాం. ఆ గదికి కిటికీ ఉందన్న సంగతి మాకంటే ముందు చిట్టెమ్మ కనిపెట్టింది. పేరయ్య గారు కుర్చీలో కూర్చుని, మా బళ్లో మాదిరిగానే హాజరు పిలిచారు.

"తోమా గారు?"

"ఉన్నానండీ."

"రెబ్కా గారు?"

"ఉన్నానండీ."

"బూచోడు?"

బూచోడు వెళ్లి ఆయన మోకాలి మీద తల పెట్టాడు. ఆయన దాని చెవి నిమిరి టిక్కు పెట్టుకున్నారు.

"చిట్టెమ్మ?"

పొరుగూరెళ్లింది, పెళ్లికెళ్లింది, ఆస్పత్రికెళ్లింది అని నా నోట్లో మూడు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. రెబ్కా నాకంటే ముందే నోరు విప్పింది.

"పాతింటికి వెళ్లిందండీ."

"ఎప్పుడొస్తుంది?"

"రాదండీ. మేమే మోసుకొస్తున్నాం. మళ్లీ అక్కడికే పోతోంది."

పేరయ్య గారు కలం మూత తీశారు. "అయితే మీ కుటుంబానికి ప్రత్తిపాడులో ఇంకో ఇల్లుందన్నమాట."

"అది అద్దిల్లండీ బాబూ! ఎప్పుడో ఖాళీ చేసేశాం" అన్నాను.

"మీరు చేశారండీ. కుటుంబం చెయ్యలేదు" అన్నారాయన, ఎంతో నొచ్చుకుంటూ.

వారం తిరక్కుండా తాఖీదు వచ్చింది. చిట్టెమ్మకు వేరే నివాసం లేదని తగిన అధికారి నుంచి ధ్రువపత్రం తేవాలి. లేదా తుది పరిశీలనలో చిట్టెమ్మ స్వయంగా హాజరు కావాలి. రెండూ కాకపోతే ఇల్లు రద్దు.

తగిన అధికారి ఎవరో కనుక్కుందామని బయల్దేరాను. ఇటువంటి పత్రాలు ఎప్పుడూ కరణం గారే ఇచ్చేవారు గదా అని ఆయన దగ్గరికే వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నారు. "కరణాలందరితోపాటు నేనూ రద్దయ్యాను నాయనా. నాకే నివాసం ఉందో లేదో తెలీడంలేదు" అన్నారు. కొత్తగా వెలిసిన మండలాఫీసుకు వెళ్లాను. అక్కడాయన సాదరంగా కూర్చోమన్నారు గానీ కుర్చీలింకా రాలేదు. ముద్ర కూడా రాలేదు. "ముద్ర వచ్చాక రండి. అన్నట్టు పిల్లి సంతకం చేస్తుందా, వేలిముద్రా?" అని అడిగారు. ఆ మనిషి ముఖంలో నవ్వనేది మచ్చుకైనా లేదు.

సరే, పోయి వెంకటేశ్వరమ్మ గారి కాళ్లే పట్టుకుందామనుకున్నాం. తీరా వెళ్తే చిట్టెమ్మ ఆవిడ నవ్వారు మంచం మీద పడుకుని ఉంది. పక్కన గిన్నెలో పెరుగన్నం. మనిషి, అంటే పిల్లి, కాస్త ఒళ్లు కూడా చేసింది.

"అదెదురొస్తే మీకు పడదన్నారు గదండీ!" అన్నాను.

"ఎవరన్నారు? అదెదురొచ్చిన రోజే మా పత్తికి మంచి రేటు పలికింది" అంది వెంకటేశ్వరమ్మ గారు. "అద్దెకొచ్చినోళ్లు మీరు, పొయ్యారు. అదెందుకు పోవాలి? దాని మానాన దాన్ని బతకనియ్యండి."

మమ్మల్ని ఆ ఇంట్లోంచి వెళ్లగొట్టింది ఎవరి మూలంగానో ఆవిడకు గుర్తు చేద్దామనుకున్నాను. రెబ్కా నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేసింది.

దారిలో కోపం ఆపుకోలేకపోయాను. "ఆ మనిషి అడిగినప్పుడు ఊళ్లో పెళ్లికెళ్లిందంటే నీ సొమ్మేం పోయింది? ఒక్క అబద్ధం! ఇల్లు మిగిలేది!"

రెబ్కా ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు. "అబద్ధమాడి తెచ్చుకున్న గోడ మీద మా నాన్నని పెట్టమంటారా? అంతకంటే చీరల్లో ఉంటేనే నయం ఆయన."

ఆ తర్వాత ఇంటిదాకా ఆమె ముందూ నేను వెనకా నడిచాం. ఇంటికెళ్లాక బూచోడు ఇద్దర్నీ సమానంగా నాకాడు.

తుది పరిశీలనకు ముందురోజు సాయంత్రం బుల్లయ్య ఎడ్లబండి మీద ట్రంకుపెట్టెతో దిగాడు. ముఖం ఎర్రగా చేసుకుని, "రేపటి హడావిడి ఉండదు గదా అని... మీకు అభ్యంతరమైతే వసారాలోనే పెట్టుకుంటా" అన్నాడు. ఆయన మీద కోప్పడదామంటే నాకు నోరు రాలేదు. ఆయనకూ ఇంటిగలవాళ్లున్నారు. పెట్టె ముందుగదిలో పెట్టించాం. దాని మూత సరిగా పడదు. సందులోంచి కొత్త పంచెల జత కనబడుతోంది. గృహప్రవేశానికి కొనుక్కున్నాడట పాపం.

అదే సాయంత్రం ప్రత్తిపాడులో వెంకటేశ్వరమ్మ గారి కాయలు ఇల్లు చేరాయి. హాలు నిండా మిరపకాయలు గుట్టపోసి, తొడిమలు తీయడానికి కూలీలు కూర్చున్నారు. ఇల్లంతా ఘాటు. వెంకటేశ్వరమ్మ గారు ముక్కుకు కొంగు చుట్టుకుని తుమ్ముతూనే తిరుగుతోంది. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది. తెల్లారి చిట్టెమ్మను తెద్దామని గోతం పట్టుకుని వెళ్తే, "రాత్రి నించీ ఇంట్లో లేదయ్యా. ఎటుపోయిందో ఏమో, అసలే ఒట్టి మనిషి కాదు" అంది ఆవిడ, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య. చేలన్నీ వెతికాం. జాన్‌బీ కూడా ఎండుచేపలు పట్టుకుని కాలనీ అంతా పిలుచుకుంటూ తిరిగింది. దొరకలేదు.

ఉప ప్రధాన నిర్ధారణాధికారి గారు జీపులో వచ్చారు. వెనక సీట్లో పేరయ్య గారు, రెండు మిరపకాయల బస్తాల మధ్యన. అధికారి గారు మా ముందుగదిలో, బుల్లయ్య పెట్టె పక్కనే కుర్చీ వేయించుకుని హాజరు మొదలుపెట్టారు. నేను ఉన్నాను. రెబ్కా ఉంది. బూచోడు ఉన్నాడు, అధికారి గారి బూటు లేసు విప్పేశాడు కూడా.

"చిట్టెమ్మ?"

గుమ్మంలో నిలబడ్డ జాన్‌బీ చేతిలోని ఎండుచేప ఆడించింది.

"చిట్టెమ్మ?" అన్నారు మళ్లీ. నియమం ప్రకారం మూడుసార్లు పిలవాలి. ఈలోగా రెబ్కా లోపలికి వెళ్లి ఫోటో తెచ్చుకుని గుండెలకు హత్తుకుని నిలబడింది. సామాన్లలో మొదట సర్దేది దాన్నే.  బుల్లయ్య తల వంచుకుని, "నా తాళంకప్ప పెట్టెలో ఉంది, తీసుకుంటా" అని గొణిగి మూత ఎత్తాడు.

"ఓరి నాయనో! నా పంచెలు!"

కొత్త పంచెల మీద చిట్టెమ్మ పడుకుని ఉంది. పొట్ట దగ్గర, ఇంకా కళ్లు తెరవని కూనలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పాలు తాగుతున్నాయి. చిట్టెమ్మ మా అందరి వంకా ఒకసారి చూసి, ఇంత గోల దేనికన్నట్టు ఆవులించింది. రెబ్కా ఫోటోతో సహా నేల మీద కూలబడి ఏడుస్తూ నవ్వింది. బూచోడు ఆనందం పట్టలేక అధికారి గారి రెండో బూటు లేసు కూడా విప్పాడు.

"నిశ్శబ్దం" అన్నారు అధికారి గారు. "కూనలు ఎక్కడ పుట్టాయి?"

"ఇక్కడేనండీ! ఈ ఇంట్లోనే!" అన్నాం అందరం. బుల్లయ్య కూడా అన్నాడు.

అధికారి గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. "జన్మస్థలం నివాసానికి తిరుగులేని రుజువు. కూనలు ఈ ఇంటి నివాసులు. తల్లి లేకుండా కూనలు పుట్టవు గనక తల్లి కూడా నివాసే. ఈ పెట్టె ఇప్పుడు సాక్ష్యం. కదిలించరాదు."

"నా పంచెలండీ..." అన్నాడు బుల్లయ్య.

"అవి కూడా సాక్ష్యమే."

అంతా అయిపోయిందనుకుంటుండగా పేరయ్య గారు వినయంగా దగ్గారు. "అయ్యా, పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుద్దండీ."

అధికారి గారి ముఖం మారిపోయింది. "ఏడా? కుటుంబానికి ఒకటే ఇల్లు. ఏడంటే గరిష్ఠ పరిమితి దాటినట్టు. మిగులు ఇళ్లు స్వాధీనం చేసుకోవాల్సొస్తుంది!"

ఆ మిగులు ఇళ్లలో మొదటిది తనదే అవుతుందేమోనని జాన్‌బీ పరుగున వెళ్లి తలుపేసుకుంది.

పేరయ్య గారు చెప్పింది అబద్ధం కాలేదు. నాలుగు రోజులు పోయాక చిట్టెమ్మ కూనల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని, మా ఇంటికి అవతల పక్కనున్న ఖాళీ ఇంట్లోకి మోసుకుపోయింది. ఆ ఇల్లు ఎవరికి మంజూరైందో వాళ్లు ఏడాదిగా తొంగిచూడలేదు. బుల్లయ్య ఇదే అదననుకుని, తన పంచెలు తీసుకుందామని వచ్చి, తీరా కూనలకు చలేస్తుందని సాక్ష్యం సంగతి మరిచి పెట్టెతో సహా వాటి దగ్గరికే మోసుకుపోయి, రెండు రాత్రులు అక్కడే కాపలా పడుకున్నాడు. పేరయ్య గారు వచ్చి చూసి, "బుల్లయ్య అను వ్యక్తి పెట్టె, పంచెలు, కూనలతో సహా స్థిరనివాసం ఉన్నాడు" అని రాసుకెళ్లారు. ఆ ఇల్లు ఆయనకు మంజూరైంది. చిట్టెమ్మ మూడోనాడు కూనల్ని తెచ్చి మళ్లీ మా పొయ్యి పక్కనే పెట్టింది. మిగతా ఇళ్లు ఎందుకో దానికి నచ్చలేదు. బుల్లయ్య మాత్రం ఇప్పటికీ ఆదివారం ఆదివారం మా పెరట్లోకొచ్చి మునగచెట్టుకు నీళ్లు పోస్తాడు. సగం కాయలు ఆయనవి.

మునగ పూతకొచ్చేవేళకు తుది ఉత్తర్వు చేతికొచ్చింది. రెబ్కా కళ్లు తుడుచుకుని చదవమంది. చదివాను. ఈ ఇంట్లో నివాసం తిరుగులేని విధంగా రుజువైన సభ్యురాలు ఒక్కరే గనక, ఇంటి యజమాని: చిట్టెమ్మ. ఆశ్రితులు: కూనలు, బూచోడు, రెబ్కా, తోమా. నడవడి నివేదికలను బట్టి వరస నిర్ణయించారట. అభ్యంతరాలుంటే యజమాని స్వయంగా కార్యాలయానికి వచ్చి చెప్పుకోవాలి. గోడలకు మేకులు కొట్టడం పూర్తిగా యజమాని ఇష్టం.

రెబ్కా ఉత్తర్వు రెండోసారి చదవనివ్వలేదు. ఫోటో తీసి, తుడిచి, ముందుగదిలో వెలుతురు పడే గోడ చూసుకుని, సుత్తి అందుకుంది. "అడగాలి గదా" అన్నాను, రూలు రూలే గనక. "చిట్టెమ్మా, ఒక్క మేకేనే" అంది రెబ్కా. పొయ్యి పక్కన పడుకున్న చిట్టెమ్మ సుత్తి దెబ్బకు ఒక కన్ను తెరిచి, గోడ మీది దానయ్య గారిని కాసేపు చూసి, కన్ను మూసేసుకుంది.

మేమున్న ఇళ్ల యజమానులందరిలోకీ ఆవిడే నయం.